పిడుగురాళ్ళలో సముద్రం

పిల్లలూ! పల్నాడు అనగానే మీకు బ్రహ్మనాయుడు, నాగమ్మ, కోడిపందెం, కారంపూడి యుద్ధం గుర్తుకు వస్తాయి. సముద్రం మాత్రం ఎవరికీ గుర్తురాదు. మా నరసరావుపేట వాళ్ళు సముద్రం చూడాలంటే బాపట్ల దాటి సూర్యలంక వెళ్ళాలి. కాని మన పల్నాడు కూడా ఒకప్పుడు సముద్రగర్భమే!

పిడుగురాళ్ళ నుంచి గురజాల మీదుగా మాచర్ల వెళ్ళి చూడండి. నేలలోనుంచి పలకలు పలకలుగా లేచే నాపరాయి కనబడుతుంది. ఇది సున్నపురాయి జాతి. యాభై కోట్ల సంవత్సరాలకు పూర్వం, లోకంలో పగడపు జీవులైనా పుట్టకముందు, సముద్రం అడుగున ఇది పొరలు పొరలుగా పేరుకున్నది.

పిడుగురాళ్ళలో మా మేనల్లుడి ఇంట్లో ఒక గాజుతొట్టి వున్నది. అందులో నాపరాతి ముక్కలతో కట్టిన గుహలు, ఆ గుహల్లో దాగుడుమూతలాడే రెండు క్లౌన్ చేపలు, అనగా విదూషక చేపలు, వున్నవి. నారింజరంగు ఒంటిమీద తెల్లని పట్టీలు! వాటికి మంచినీరు పనికిరాదు. లీటరు నీటికి సుమారు 35 గ్రాముల సముద్రపు ఉప్పు వుండాలి. నాకు ఈమధ్య కొత్త కెమెరా వచ్చింది. ఆ చేపలను ఫొటో తీయడం నేర్చుకుందామని వెళ్ళాను. ఐదో తరగతి చదివే మనమరాలు నా పక్కన చేరింది.

"తాతయ్యా, చేపతోపాటు కిటికీ కూడా గాజులో కనబడుతున్నదే!" అన్నది.

"గాజు రెండు పనులు చేస్తుందమ్మా. వెనకవున్నది చూపిస్తుంది, ముందున్న వెలుతురును తిప్పికొడుతుంది. గది చీకటి చేస్తే రెండో పని మానుకుంటుంది" అన్నాను.

కిటికీ మూసి, గది దీపం ఆర్పి, తొట్టి దీపం మాత్రం వుంచాము. గాజును మెత్తని గుడ్డతో తుడిచి, లెన్సును గాజుకు దగ్గరగా, తిన్నగా పెట్టాను. వాలుగా పెడితే బొమ్మ అలుక్కుపోతుంది. ఎందుకంటే నీటిలోనుంచి గాలిలోకి వచ్చే వెలుతురు వంగుతుంది. చెంబులో రూపాయి బిళ్ళ వేసి నీళ్ళు పోయండి. బిళ్ళ పైకి లేచినట్టు కనబడుతుంది. ఇదీ ఆ వంపు చేసే మాయే.

ఇక రంగుల సంగతి. సముద్రజలం ఎర్రని వెలుతురును కొద్ది మీటర్ల లోతులోనే మింగేస్తుంది. నీలం మాత్రం లోతుకు పోతుంది. అందుకే ఇటువంటి తొట్లకు నీలిదీపాలు పెడతారు. మన కన్ను దానికి సర్దుకుంటుంది గాని, కెమెరాకు చెప్పాలి. శుభ్రమైన తెల్లని సాసరును నీటిలో వుంచి, 'ఇదే తెలుపు' అని కెమెరాకు చూపితే రంగులు దారికి వస్తాయి. చేప ఆగదు గనుక తలుపు సెకనులో 250వ వంతు మాత్రమే తెరవాలి. దాని వెంట పరుగెత్తకుండా, అది మళ్ళీ వచ్చే చోట కాచుకోవాలి.

ఈ విద్య పాతదే. 1893లో ఫ్రాన్సు దేశపు లూయీ బూటాన్ సముద్రంలో మునిగి ఫొటోలు తీశాడు. 1926లో అమెరికాలో లాంగ్లీ, మార్టిన్ అనేవారు తెప్పమీద మెగ్నీషియం పొడి మండించి, ఆ వెలుగులో నీటి అడుగున చేపను రంగుల్లో తీశారు.

పిల్ల కాసేపు ఆలోచించి, "తాతయ్యా, నిజమైన పగడపు కొమ్మ ఒకటి కొని పెడితే ఫొటో ఇంకా బాగుండదూ?" అన్నది.

"అది కొమ్మ కాదమ్మా, ఊరు! వేలాది చిన్నచిన్న జీవులు నీటిలోని సున్నం తీసుకుని కట్టుకున్న ఇళ్ళు. విరిస్తే ఊరే పోతుంది. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 2001 నుంచి రాతిపగడాలను కాపాడుతున్నది. వాటిని తీయడం, అమ్మడం నేరం" అన్నాను.

"మరి ఈ చేపలో?"

"వీటిని పెంపకంలోనే పుట్టించవచ్చు. తమిళనాడులోని మండపంలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవారు ఆ పద్ధతి రూపొందించారు. మీ నాన్న అలా పుట్టినవే తెచ్చాడు."

పిల్ల మరి పగడం మాట ఎత్తలేదు. కెమెరా తీసుకుని, నాపరాతి గుహ ముందు ఊపిరి బిగబట్టి కూర్చున్నది. చేప తల బయటపెట్టగానే మీట నొక్కింది. నేను తీసినవాటికన్న ఆ ఫొటోయే బాగున్నది!

మీరొక పని చేయండి. నాపరాతి ముక్కమీద, సముద్రపు గవ్వమీద చెరొక చుక్క నిమ్మరసం వేసి చూడండి. రెండింటిమీదా సన్నని బుడగలు లేస్తాయి. మన రాయీ, సముద్రపు గవ్వా ఒకే సున్నపు చుట్టాలని అప్పుడు మీకే తెలుస్తుంది.