ఎవరూ పిలవని పెట్టె

చేతిలో స్మార్ట్‌ఫోన్ ఉండగా పాటలు వినడానికి వేరే యంత్రం దేనికి? ఇది తేలిపోయిన వ్యవహారంలాగే కనిపిస్తుంది. 1979 జూలైలో సోనీ వాక్‌మన్ వచ్చింది. 2001 అక్టోబరులో ఆపిల్ ఐపాడ్ వచ్చింది. ఆ ఐపాడ్‌ను ఇక తయారు చేయబోమని 2022 మేలో ఆపిల్ ప్రకటించింది. ఫోన్ గడియారాన్ని, టార్చిలైటును, కెమెరాను మింగినట్టే పాటల పెట్టెనూ మింగేసింది. అంతటితో కథ కంచికి చేరిందనుకున్నారు.

ఇప్పటికీ అలాంటి యంత్రాలు కొనేవాళ్లు కొందరున్నారు. వాక్‌మన్ పేరుతో డిజిటల్ ప్లేయర్లు ఇంకా అమ్ముడవుతున్నాయి. వాటిని మెచ్చుకునేవాళ్లు శబ్దం నాణ్యత గురించి, తీగ ఉన్న హెడ్‌ఫోన్ల గురించి మాట్లాడతారు. 2016లో ఐఫోన్ నుంచి హెడ్‌ఫోన్ రంధ్రం తీసేసినందుకు ఇంకా కోపంగానే ఉన్నారు. అదంతా చెవికి సంబంధించిన తర్కం. కాదనను. కానీ ఈ చర్చలో ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. పాట వింటున్నప్పుడు ఆ మనిషి చేతులు ఏం చేస్తున్నాయి?

మాది కమ్మర్‌పల్లి. ఆర్మూర్ నుంచి మెట్‌పల్లి పోయే రోడ్డు మీద ఉంటుంది. బయటివాళ్లకు మా ఊరు పసుపు పరిశోధన కేంద్రం వల్ల తెలుసు. పసుపు పేరు పట్టా ఉన్న రైతుకు, అంటే ఎక్కువగా మగవాడికి పోతుంది. చాలా ఇళ్లు గడిచింది మాత్రం గల్ఫ్ నుంచి మగవాళ్లు పంపే డబ్బు మీద, ఆడవాళ్లు చుట్టే బీడీల మీద. బీడీ పని చూడనివాళ్లకు చెప్పాలి. తునికాకును తడపాలి, కొలత ప్రకారం కత్తిరించాలి, తంబాకు నింపి చుట్టాలి, మూతి మడవాలి, దారం కట్టాలి. ఇరవై అయిదు బీడీలు ఒక కట్ట. నలభై కట్టలైతే వెయ్యి. కూలి వెయ్యికి లెక్క. ఎంతసేపు కూర్చున్నావన్నది ఎవరికీ పట్టదు. చూపు పక్కకు పోతే చేయి నెమ్మదిస్తుంది, చేయి నెమ్మదిస్తే వెయ్యి పూర్తి కాదు. కళ్లూ చేతులూ సేటుకు అప్పజెప్పిన మనిషికి ఆ పూట తనదంటూ మిగిలేది చెవి ఒక్కటే.

ఈ సంగతి పొగాకు పని చేసేవాళ్లు ఎక్కడున్నా కనిపెట్టారు. క్యూబాలో చుట్టల కార్ఖానాల్లో 1865 నుంచి ఒక మనిషి ఎత్తైన చోట కూర్చుని పత్రికలు, నవలలు చదివి వినిపించే ఆచారం ఉంది. ఆ చదివే మనిషికి జీతం కార్మికులే చందాలు వేసుకుని ఇచ్చేవారు. ఏం చదవాలో కూడా వాళ్లే నిర్ణయించేవారు. ఆ ఆచారం అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రం టాంపా నగరానికీ పోయింది. అక్కడి యజమానులకు ఆ చదువులో తిరుగుబాటు వాసన తగిలింది. 1931లో చదివేవాళ్లను తీసేశారు. ఆ చోట రేడియోలు వచ్చాయి. మన పక్కనే కేరళలో, కన్నూరు బీడీ కార్ఖానాల్లోనూ ఒకరు పేపరు చదువుతుంటే మిగతావాళ్లు వింటూ చుట్టేవారు. 1969లో మొదలైన దినేశ్ బీడీ సహకార సంఘంలోనూ ఆ అలవాటు సాగింది.

కార్మికుల చైతన్యం గురించి చెప్పినప్పుడల్లా ఈ కథలు చెబుతారు. అవి ఒక కప్పు కింద వందమంది కూర్చునే చోట్లు. మా దగ్గర బీడీ ఇంటి గడపలో చుట్టే పని. 1966 నాటి బీడీ కార్మికుల చట్టం ఇంట్లో కూర్చుని చుట్టేవాళ్లనూ కార్మికులుగానే గుర్తించింది. కానీ గడపలో కూర్చున్న కార్మికురాలికి పేపరు చదివి వినిపించేవాళ్లు ఎవరు? ఒడిలో చాట పెట్టుకుని, పొయ్యి మీద కూర చూసుకుంటూ, పిల్లవాణ్ణి అదిలిస్తూ చుట్టే ఆమె పక్కన ఆ చదివే మనిషి స్థానంలో కూర్చున్నది టేపు.

మా ఇంటికి టేపు ఎనభైల్లో వచ్చింది. బాపు మొదటిసారి గల్ఫ్ నుంచి వచ్చినప్పుడు తెచ్చిన టూ ఇన్ వన్ అది. మా దగ్గర అమ్మను అవ్వ అంటాం. టేపు పేరుకు బాపుదైనా, బాపు మళ్లీ విమానమెక్కాక అవ్వదయింది. పగలు రేడియో, సాయంత్రం క్యాసెట్లు. ఒగ్గు కథ క్యాసెట్ పెడితే వాడకట్టు ఆడవాళ్లంతా తమ చాటలు తెచ్చుకుని మా అరుగు మీద చేరేవాళ్లు. మల్లన్న కథ నడుస్తుంటే కట్టలు లేచేవి. పేరు లేదుగానీ మాదీ ఒక కార్ఖానాయే. ఒక తేడా ఉంది. ఇక్కడ ఏ క్యాసెట్ పెట్టాలో చెప్పేది అవ్వ. ఇంట్లో ఏ కూర వండాలన్నా అత్తను అడగాల్సిన మనిషి ఆ మీట మీద మాత్రం తన వేలు పెట్టుకుంది.

ఆ టేపుకు ఒక ఎర్ర మీట కూడా ఉండేది. రికార్డు చేసే మీట. అవ్వకు చదువు రాదు. ఉత్తరం రాయించాలంటే పక్కింటి పిల్లలను బతిమాలాలి. మొగుడికి చెప్పుకునే మాటలు పిల్లల చేత ఏం రాయిస్తారు? అందుకే రాత్రి అందరూ పడుకున్నాక, ఎర్ర మీట నొక్కి గొంతు తగ్గించి మాట్లాడేది. ఆ క్యాసెట్‌ను గల్ఫ్ పోయేవాళ్ల చేతికిచ్చి పంపేది. బాపు విని, అదే క్యాసెట్ మీద తన జవాబు నింపి, సెలవు మీద వచ్చేవాళ్లతో తిప్పి పంపేవాడు. కొత్త క్యాసెట్ ఎందుకు దండగ? అలా ఒకరి మాట మీద ఒకరి మాట ఎక్కింది. ఇప్పటికీ ఇంట్లో ఆ క్యాసెట్లు కొన్ని ఉన్నాయి. అన్నిట్లో వినపడేది బాపు గొంతే. చివరగా జవాబు చెప్పింది ఆయనే గనక. అవ్వ గొంతు ఒక్కచోట ఉంది. బాపు జవాబు ముగిశాక, పక్క అయిపోయే ముందు. అప్పు ఎవరికి ఎంత కట్టిందో చెబుతుంది. చివర, "నా పానం మంచిగనే ఉన్నది" అంటుంది.

ఫోన్ వచ్చాక ఈ తిప్పలన్నీ పోయాయి. ఈ మాట గట్టిగానే చెప్పాలి, ఎందుకంటే పాత వస్తువుల మీద మోజులో కొందరు దీన్ని మరిచిపోతారు. రాయడం రాని మనిషి వాట్సాప్‌లో తన గొంతును తనే పంపుకోగలుగుతోంది. గల్ఫ్‌లో ఉన్న కొడుకు ముఖం చూసి తిన్నావా అని అడుగుతోంది. ఇది చిన్న సంగతి కాదు. కానీ ఆ ఫోన్ ఎవరిది? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో తాము సొంతంగా వాడుకునే ఫోన్ ఉన్నవాళ్లు 2015-16లో 46 శాతం, 2019-21లో 54 శాతం. అంటే దాదాపు సగం మందికి ఫోన్ అడిగి తీసుకుని, తిరిగి ఇచ్చే వస్తువు. అడిగి తీసుకున్న ఫోన్‌లో పాట వినడం, ఇంకొకరి ఇంట్లో నడుం వాల్చడం లాంటిది. పడుకోవచ్చు, నిద్ర పట్టదు.

సొంత ఫోన్ ఉన్నవాళ్ల సంగతీ చూద్దాం. ఇప్పుడు అవ్వకు రెండూ ఉన్నాయి. తమ్ముడు కొనిచ్చిన ఫోన్ ఒకటి, ఆర్మూర్‌లో కొన్న చిన్న స్పీకరు పెట్టె ఒకటి. ఆ పెట్టెలో మెమరీ కార్డు పెట్టుకోవచ్చు, రేడియో వస్తుంది, ముందుకు వెనక్కు రెండు మీటలు, అంతే. మేకలు కాసేవాళ్లు మెడకు వేసుకుని తిరిగే రకం. ఫోన్‌లోనే వినవచ్చు కదా అని మా తమ్ముని భార్య అడిగితే అవ్వ అన్నది: "ఫోన్ పట్టుకుంటే అందరు ఏదో ఒక పని చెప్తరు బిడ్డా. దీన్ల నన్ను ఎవ్వలు పిలవరు."

నా దృష్టిలో ఈ విషయం మీద ఇంతకంటే చెప్పాల్సింది లేదు. ఫోన్ మనకు లోకాన్ని అందిస్తుందని అంటాం. అదే ఫోన్ మనల్నీ లోకానికి అందిస్తుంది. మగవాడికి ఫోన్ వస్తే ఎక్కువగా అది అతని వ్యవహారం. ఆడదానికి వస్తే అన్నం వండావా, నాయనకు గోలీలు ఇచ్చావా, పిల్లలు బడి నుంచి వచ్చారా. పాట మధ్యలో ఆగుతుంది. జవాబివ్వకపోతే ఎందుకు ఎత్తలేదని, మాట్లాడుతుంటే ఎవరితో అని అడుగుతారు. అరగంట ఎవరికీ అందకుండా ఉండడం మగవాళ్లకు అలవాటు. కల్లు దుకాణంలో, కచేరి దగ్గర, పొలం గట్టు మీద అది వాళ్లకు దొరుకుతుంది. ఆడవాళ్లకు దాన్ని ఒక పెట్టెలో కొనుక్కోవాల్సి వస్తోంది.

ఇంతవరకూ చెప్పి ఆగిపోతే ఆ పెట్టెను నెత్తిన పెట్టుకున్నట్టవుతుంది. దానిలోనూ ఒక చిక్కుంది. 2016లో గుజరాత్‌లోని మెహసాణా జిల్లాలో సూరజ్ అనే ఊరు పెళ్లికాని ఆడపిల్లలు సెల్‌ఫోన్ వాడకూడదని తీర్మానం చేసింది. ఆడవాళ్లు రేడియో వినకూడదని అలా తీర్మానం చేసిన ఊరు గురించి నేనెక్కడా చదవలేదు. ఎందుకు? రేడియో, పాటల పెట్టె ఆడదాన్ని విననిస్తాయి, మాట్లాడనివ్వవు. వినే ఆడదానితో ఇంటికి పేచీ లేదు, మాట్లాడే ఆడదానితోనే పేచీ. అవ్వ కొత్త పెట్టెకు ఎర్ర మీట లేదు. పైగా మెమరీ కార్డులో పాటలు ఎక్కించేది మొబైల్ దుకాణంలో పిల్లవాడు. అవ్వ ఒగ్గు కథలు, బతుకమ్మ పాటలు అడిగితే, వాటితో పాటు తనకు నచ్చిన సినిమా పాటలు రెండు వందలు ఎక్కించి పంపాడు. టాంపాలో చదివే మనిషిని తీసేసి రేడియో పెట్టినప్పుడు కార్మికులు పోగొట్టుకున్నది కూడా ఇదే: ఏం వినాలో ఎంచుకునే హక్కు.

అందుకని ఆడపిల్ల ఫోన్ అడిగితే "పాటలకే కదా, పెట్టె కొనిస్తాలే" అనే ఇంటిని నమ్మకూడదు. ఆ పిల్ల అడుగుతున్నది మాట్లాడే హక్కు. పెట్టె దానికి బదులు కాదు. అట్లాగే, పెద్దామె పెట్టె అడిగితే "ఫోన్ ఉంది కదా, ఈ కాలంలో అదెందుకు" అని నవ్వడమూ కుదరదు. ఆమె అడుగుతున్నది ఎవరికీ జవాబు చెప్పని ఒక పూట. ఈ రెండు హక్కులూ వేరువేరు. మగవాళ్లకు రెండూ అడగకుండానే ఉన్నాయి కాబట్టి, వాళ్లకు రెండు యంత్రాలు అనవసరంగా కనిపిస్తాయి.

తెలంగాణ ప్రభుత్వం 2015లో బీడీ కార్మికులకు నెలకు వెయ్యి రూపాయల భృతి మొదలుపెట్టింది. 2019లో అది 2016 రూపాయలైంది. అవ్వ ఆ పెట్టె కొన్నది ఆ డబ్బులతోనే, ఎవరినీ అడగకుండా. ఏళ్ల తరబడి బీడీలు చుట్టిన వేళ్లతో ఆ చిన్న మీట నొక్కడం ఆమెకు కాస్త కష్టంగానే ఉంది. ఈసారి పోయినప్పుడు ఆ దుకాణం పిల్లవాడి దగ్గర పక్కన కూర్చుని, ఏ పాట ఉండాలో ఏది తీసేయాలో ఒక్కొక్కటీ ఆమె చేతే చెప్పించాలనుకుంటున్నాం. రెండు వందల సినిమా పాటల్లో ఎన్ని మిగులుతాయో చూడాలి.