ఏటి ఒడ్డున త్రిభుజం

రెంజల్ మండలంలోని కందకుర్తి వద్ద మంజీర, హరిద్ర నదులు గోదావరిలో కలుస్తాయి. మహారాష్ట్రను దాటి వచ్చిన గోదావరి తెలంగాణలో అడుగుపెట్టేది ఇక్కడే. ఆ సంగమంలో రాతితో కట్టిన పురాతన శివాలయం ఒకటున్నది. వానాకాలంలో వరద దానిని చుట్టుముడుతుంది. ఒక్కొక్క ఏడు ముంచెత్తుతుంది కూడా. అట్టి వేళ ఒడ్డున నిలిచినవానికి ఆ గుడి ఎంత దూరమున్నదో తెలుసుకోవాలనిపిస్తే పడవ అక్కరలేదు. పాఠశాలలో చదివిన సర్వసమాన త్రిభుజాల పాఠం చాలు.

ఆ పాఠాన్ని విద్యార్థులలో చాలామంది భు-కో-భు, కో-భు-కో, భు-భు-భు అనే అక్షరాల గుత్తులుగానే గుర్తుంచుకొంటారు. కాగితంపై రెండు త్రిభుజాలను కత్తిరించి, ఒకదానిపై మరొకటి పెట్టి, సరిపోయినవని సంతోషిస్తారు. కత్తిరించి చేతపట్టుకోగలిగినప్పుడు నియమంతో పనేమున్నది? ఒక త్రిభుజం చేతికందనప్పుడే దాని విలువ తెలుస్తుంది.

గుడికి సరిగ్గా ఎదురుగా, ఒడ్డున ఒక గుంజ నాటాలి. అక్కడినుండి గుడి వైపు చూపుకు లంబంగా, ఒడ్డు వెంట 40 అంగలు నడిచి రెండవ గుంజ, అదే వరుసలో మరో 40 అంగలు నడిచి మూడవ గుంజ నాటాలి. మూడవ గుంజ వద్ద నదికి వీపు పెట్టి, ఒడ్డుకు లంబంగా పొలాలలోకి నడవాలి. రెండవ గుంజ, గుడి ఒకే వరుసలో కనిపించిన చోట ఆగాలి. మూడవ గుంజనుండి అక్కడికి నడిచిన దూరమే మొదటి గుంజకూ గుడికీ నడుమ ఉన్న దూరం. రెండు త్రిభుజాలలోనూ ఒక లంబకోణమున్నది. 40 అంగల భుజమున్నది. రెండవ గుంజ వద్ద ఏర్పడిన శీర్షాభిముఖ కోణాలు సమానం. ఇది కో-భు-కో నియమమే. నీటిపై ఉన్న త్రిభుజం నేలపైకి వచ్చి నిలిచింది.

ఒడ్డున చెరకు ఏపుగా ఎదిగి ఉంటే అంత లోపలికి నడవడం సాధ్యం కాదు. అప్పుడు మూడవ గుంజను 20 అంగల దూరంలోనే నాటవచ్చు. కోణాలు మూడూ మారవు; కాని నడిచే దూరం సగమే వస్తుంది. అవి సరూప త్రిభుజాలే గాని సర్వసమానాలు కావు. మూడు కోణాలూ సమానమైతే త్రిభుజాలు సర్వసమానమని వ్రాసి మార్కులు పోగొట్టుకొనేవారు ఈ సంగతి గమనించాలి. కోణాలు ఆకారాన్ని చెప్పగలవు, పరిమాణాన్ని చెప్పలేవు. ఎక్కడో ఒకచోట ఒక భుజాన్ని కొలిచి తీరాలి.

ఆ ఒక్క భుజం కోసం విలియం లాంబ్టన్ ఎంత శ్రమించాడో! 1802లో మద్రాసు వద్ద ఉక్కు గొలుసుతో సుమారు 12 కిలోమీటర్ల ఆధారరేఖను కొలిచి భారతదేశపు త్రికోణమితి సర్వేను ప్రారంభించాడు. ఒక భుజం, దాని రెండు కొసల కోణాలు తెలిస్తే ఏర్పడే త్రిభుజం ఒక్కటే. దాని భుజంపై మరొకటి, దానిపై ఇంకొకటి పేర్చుకొంటూ దాదాపు 78వ తూర్పు రేఖాంశం వెంట ఉత్తరానికి సాగాడు. బోధన్, నిజామాబాద్ పట్టణాల నడుమనుండి పోయే రేఖాంశమిదే. త్రిభుజాల వరుస పెరిగేకొద్దీ చిన్న పొరపాట్లు పేరుకొంటాయి గనుక అక్కడక్కడ గొలుసు మళ్ళీ దించవలసి వచ్చింది. మంజీర ఎగువన, బీదరు ప్రాంతంలో 1815లో అతడు మరొక ఆధారరేఖను కొలిచాడు. 1823లో హింగన్‌ఘాట్ వద్ద లాంబ్టన్ మరణించినప్పటికి హిమాలయాలు ఇంకా చాలా దూరాన ఉన్నాయి. మిగిలిన త్రిభుజాలను జార్జ్ ఎవరెస్టు అందుకొన్నాడు.