గేజు తీసి చూసినవా?

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్‌బీ నగర్‌కు ఐదు కిలోమీటర్లు కూడా ఉండదు. సాయంత్రం ఏడింటికి ఆ దారిలో పికప్ నడిపితే మాత్రం వేరే ఊరికి పోయొచ్చినంత పని. మొన్న శ్రావణంలో కొత్తపేట దాటుతుంటే ఎర్ర ఆయిల్ లైటు వెలిగింది. రేస్ ఇస్తే పోతోంది, ఆగితే మళ్లీ వస్తోంది. 2009 మోడల్ బండి, ఏ వైరో లూజై ఉంటుందనుకున్నా. పక్కన కూర్చున్న నాయిన మాత్రం, "ఇంజన్ బంద్ చెయ్" అన్నాడు.

"ట్రాఫిక్ మధ్యలోనా?"

"ఇంజన్ పట్టేసినంక గూడ ట్రాఫిక్ మధ్యలనే ఉంటవ్."

నాయిన స్టీరింగ్ పట్టుకున్నాడు. నేనూ ఇద్దరు ఆటోవాళ్లూ కలిసి బండిని విక్టోరియా మెమోరియల్ మెట్రో స్టేషన్ పక్కకు తోశాం. ఆయిలంతా కిందికి దిగాలని పది నిమిషాలు ఆగి గేజు తీశా. గుడ్డతో తుడిచి, మళ్లీ పెట్టి తీస్తే కొసకు తడి కూడా లేదు. ఆయిల్ తగ్గితే పంపు గాలి పీలుస్తుంది. ఇంజన్ మెల్లగా తిరిగేటప్పుడు ప్రెషర్ ముందు అక్కడే పడిపోతుంది. అందుకే ఆగినప్పుడల్లా లైటు. దగ్గర్లోని షాపులో కొని రెండు లీటర్లు పోస్తే గానీ కింది గీత దాటలేదు.

ఈ బండి మీదే నాయిన నల్లగొండ బత్తాయి గడ్డిఅన్నారం మార్కెట్‌కు తోలేవాడు. రాత్రి బయల్దేరే ముందు గేజు తీసి చూడందే తాళం తిప్పేవాడు కాదు. 2021లో మార్కెట్ బాటసింగారం వెళ్లింది. అప్పటికే ఆయన మోకాళ్లూ పోయాయి. బండి నాకొచ్చింది. ఇప్పుడు ఇళ్లు మారేవాళ్ల సామాన్లు తోలుతున్నా. నెల రోజులు గేజు చూశా. తర్వాత కిలోమీటర్లే చూడటం మొదలుపెట్టా. నాయిన బండి హైవే మీద వంద కిలోమీటర్లు ఏకబిగిన పోయేది. నాది రోజుకు నలభై తిరిగితే ఎక్కువ, కానీ ఇంజన్ ఆరు గంటలు నడుస్తుంది. సిగ్నళ్ల దగ్గర ఆగి ఉన్న గంటలు ఏ మీటర్లోనూ పడవు.

అసలు తప్పు ఇంకొకటుంది. పోయినసారి లేబర్ చార్జి మిగుల్తుందని ఆయిల్ నేనే మార్చా. చాంబర్ నట్టుకు పాత వాషరే బిగించా. బండి నిలిపే చోట నల్ల మరక కనిపిస్తే పక్కింటి కారుదనుకున్నా.

మర్నాడు ఎల్‌బీ నగర్‌లో తెలిసిన మెకానిక్ దగ్గరికి పోయాం. నాయిన స్టూలేసుకుని కూర్చుని, "వాడే చేస్తడు" అన్నాడు. ఇంజన్ కాస్త వేడెక్కాక నట్టు విప్పా. చుక్క ఆగేదాకా ఆగాలన్నాడు. నల్లగా ఉంటే భయం లేదు, డీజిల్ ఇంజన్ మసి అంతే. పాలు కలిపిన చాయ్‌లా ఉంటే నీళ్లు కలిసినట్టు. కొత్త ఫిల్టర్ రబ్బరుకు ఆయిల్ రాసి చేత్తోనే బిగించా, నట్టుకు కొత్త వాషర్ వేశా. 15డబ్ల్యూ-40 పోసి, స్టార్ట్ చేసి, లైటు ఆరిపోయాక బంద్ చేసి మళ్లీ గేజు చూశా. పై గీత దాటనివ్వలేదు. ఎక్కువైతే నురగొస్తుందట. పాత ఆయిల్ మెకానిక్ డ్రమ్ములోకి పోయింది. మోరీలో పోసేవాళ్లను చూస్తే నాయినకు ఒళ్లు మండుతుంది.

డ్రమ్ములో పోసేముందు ఆయన ఆ ఆయిల్ కొంచెం అరచేతిలో రాసుకుని ఎండకు తిప్పి చూశాడు. రెండు మూడు చోట్ల సన్నగా మెరిసింది. బేరింగ్ పొడి. నాయిన ఏమీ అనలేదు, చెయ్యి గుడ్డకు తుడుచుకున్నాడు. ఐదు వందల కిలోమీటర్లు నడిపి మళ్లీ తీసి చూద్దామన్నాడు మెకానిక్. ఇంజన్ విప్పాల్సి వస్తే ఎంతవుతుందో అడిగా, చెప్పాడు. నాకు మూడు నెలల కిరాయి.

ఇప్పటికి మూడు వందల పది అయింది. పొద్దున్నే నేను గేజు తుడుస్తుంటే, నాయిన గుమ్మంలోంచి ఆ గుడ్డనే చూస్తుంటాడు.