ఊరు ముంచిన ఏటి మీద

“ఆ ఏటి మింద సరదాగా తిరగాల్నా? నేను రాను. కావాలంటే మీరు పోయి రాండి.”

లాంచీ ప్రయాణం మాట ఎత్తగానే ఆవిడ అన్న మాట అది. మాస్టారు రెట్టించలేదు. రెట్టించే హక్కు తనకు లేదని ఆయనకు తెలుసు.

మాస్టారిది కడప జిల్లాలో బ్రహ్మంగారి మఠం దగ్గర పల్లె. ముప్ఫయ్యేళ్ళు హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. ఏటా నల్లబల్ల మీద అమెజాన్ నదిని గీసేవారు. నదికి రెండు పక్కలా ఆకుపచ్చ సుద్దముక్కతో అడవి, నీళ్ళ మీద ఓ చిన్న పడవ. “మీరు పడవ ఎక్కినారా సార్?” అని పిల్లలు అడిగేవాళ్ళు. ఎక్కలేదు. ఎక్కడానికి నీళ్ళేవీ? విచిత్రమేమిటంటే, ఆయన సైకిల్ మీద బడికి వెళ్ళే దారిలో ఉన్న కేసీ కాలువను తెల్లదొరల కంపెనీ పడవలు కూడా నడపాలనే తవ్వించింది. 1863లో పని మొదలుపెట్టిన ఆ కంపెనీ నష్టాల్లో కూరుకుపోయి, 1882లో కాలువను ప్రభుత్వానికి అమ్ముకుంది. పడవల ముచ్చట కూడా పోనుపోనూ తీరిపోయింది.

ఆవిడ పుట్టిల్లు నందికొట్కూరు తాలూకాలో, కృష్ణ ఒడ్డున. ఆ ఊరు ఇప్పుడు లేదు. శ్రీశైలం డ్యాంకు నెహ్రూ శంకుస్థాపన చేసింది 1963లో. 1981లో ఊళ్ళు ఖాళీ చేయించారు. ఏటికి రెండువైపులా కలిపి వంద దాకా ఊళ్ళు మునిగాయి. అప్పటికి ఆవిడకు పెళ్ళయి మూడేళ్ళు. వాళ్ళ నాయన ఇంటి తలవాకిలిని ఊడబెరికి, ఎద్దులబండి మీద వేసుకుని కర్నూలు చేరాడు. ఆ వాకిలి ఇవాళ్టికీ తమ్ముడి ఇంట్లో గోడకు ఆనించి ఉంది.

ఇందులో మాస్టారిని కుదురుగా ఉండనివ్వని సంగతి మరొకటుంది. శ్రీశైలం జలాశయం నీళ్ళే పోతిరెడ్డిపాడు దగ్గర మళ్ళి, తెలుగుగంగ కాలువలో పడి బ్రహ్మంసాగరానికి వస్తాయి. ఆయన నాలుగెకరాల్లో ఇప్పుడు వరి పండుతోందంటే ఆ నీటి చలవే. పుట్టింటిని ముంచిన నీళ్ళతోనే అత్తింట అన్నం ఉడుకుతోంది. ఈ మాట ఇద్దరూ ఎప్పుడూ పైకి అనుకోలేదు.

చివరికి మల్లన్న పేరు చెబితే ఒప్పుకుంది. “దర్శనానికైతే వస్తా. లాంచీ మాత్రం మీరొక్కరే ఎక్కండి.”

నవంబరు నెలాఖరు. రాత్రిపూట నల్లమలలోకి బండ్లను వదలరు. దోర్నాల గేటు దగ్గర తెల్లారేదాకా బస్సులోనే కునికిపాట్లు పడి, ఎండ ఎక్కేసరికి శ్రీశైలం చేరారు. ఆ రోజు దర్శనంతో సరిపోయింది. మర్నాడు డ్యాం కింద లింగాలగట్టు రేవులో మాస్టారు టికెట్ చేతబట్టుకుని నిలబడితే, ఆవిడ మెట్ల మీద సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. సరంగు హారన్ కొట్టాడు. ఆవిడ లేచి వచ్చింది. “ఒక్కదాన్నే ఈడ కూచోని ఏం జేయాల?” అంది.

లింగాలగట్టు నుంచి నాగార్జునసాగర్ దాకా నీళ్ళ మీద నూటపది కిలోమీటర్లుంటుంది. ఆరేడు గంటల ప్రయాణం. సాగర్‌లో నీటిమట్టం బాగా ఉన్న రోజుల్లోనే లాంచీ నడుస్తుంది. పోతూ ఒక రోజు, వస్తూ ఒక రోజు. రెండువైపులా నల్లమల కొండలు నీళ్ళలోకి దిగి ఉంటాయి. 1983లో ఈ అడవిని పులుల అభయారణ్యం చేశారు. అప్పట్లో దాని విస్తీర్ణం 3,568 చదరపు కిలోమీటర్లు. రాష్ట్రం విడిపోయాక ఎడమగట్టు తెలంగాణ, కుడిగట్టు ఆంధ్ర. పులికి ఈ లెక్కలతో పనిలేదు, దానికి ఈత వచ్చు.

మాస్టారు నోటుపుస్తకం తీశారు. మొదటి గంటలో అందులో పడ్డవి నీటికాకులు, కొంగలు, ఒక గద్ద. అంతే. కాలేజీ కుర్రాళ్ళ గుంపు ఒకటి పులి కోసం కేకలు పెట్టి, విసిగి, ఫోన్‌లో పాటలు పెట్టింది. సరంగు ఇంజను ఆపేశాడు. “పాట ఆపితేనే పడవ కదిలేది” అన్నాడు. పాట ఆగింది. ఇంజను కూడా లేని ఆ రెండు నిమిషాల్లో కొండమీద నుంచి కొండముచ్చు అరుపు వినబడింది. వెంటనే మరో చోటి నుంచి దానికి బదులు. సరంగు చెయ్యి చాపిన చోట, నీటి అంచున బండరాయి అనుకున్నది నోరు తెరుచుకుని ఉంది. మొసలి! బడిపిల్లాడిలా లేచి నిలబడిన మాస్టారిని ఆవిడే చొక్కా పట్టి కూర్చోబెట్టింది.

నల్లమల అమెజాన్ కాదు. అక్కడ ఏడాది పొడుగునా వాన, ఏడాది పొడుగునా పచ్చదనం. ఇక్కడి నల్లమద్ది, యేగిస, తునికి, వెదురు... అన్నీ వానలకు చిగిర్చి, ఎండలకు ఆకు రాల్చేవే. నవంబరు కాబట్టి ఇంకా పచ్చగా ఉంది. “ఎండాకాలమొస్తే ఇవీ మనమాదిరే ఎండిపోతాయా?” అని ఆవిడ అడిగితే, “ఎండిపోవు, ఓర్చుకుంటాయి” అన్నారు మాస్టారు.

కుర్రాళ్ళలో ఒకడు ఊరకుండలేక, “మీ కడపలో ఏముంటాయి సార్, రాళ్ళు తప్ప?” అన్నాడు. మాస్టారికి పాఠం దొరికింది. కలివికోడి గురించి మొదలుపెట్టారు. 1900 తర్వాత ఎవరికీ కనబడక, అంతరించిపోయిందని అందరూ అనుకున్న పిట్ట 1986లో లంకమల కింద బయటపడింది. దాన్ని చూడాలంటే లాంచీలు పనికిరావు. చీకట్లో, కంపచెట్ల మధ్య టార్చిలైటు పట్టుకుని కాళ్ళు గీరుకుపోయేలా తిరగాలి. తెలుగుగంగ కాలువ దాని చోటులోంచే పోతోందని తెలిశాక, కాలువ దారినే మార్చారు.

ఆవిడ అంతసేపూ నీళ్ళవైపే చూస్తోంది. “పిట్ట కోసం కాలువను పక్కకు జరిపినారా?” అంది.

“జరిపినారు.”

“మంచి పనే.”

ఆ తర్వాత చాలాసేపు మాట్లాడలేదు. మాస్టారి నోటుపుస్తకంలోనూ ఆ గంట ఖాళీగానే ఉంది.

సాయంత్రానికి నాగార్జునకొండ కనబడింది. సాగర్ నీళ్ళు రాకముందే లోయనంతా తవ్వి, బౌద్ధుల శిల్పాలను కొండమీదికి చేర్చారని, కట్టడాలను కూడా కొన్నింటిని ఊడదీసి పైన మళ్ళీ కట్టారని మాస్టారు చెప్పారు. “రాళ్ళను మోసేదానికి మనుషులను పెట్టినారు. మా నాయన వాకిలి తానే మోసుకున్యాడు” అంది ఆవిడ. గొంతులో కోపం లేదు.

మూడోరోజు తిరుగు ప్రయాణం. నీళ్ళ మీద పొగమంచు. సరంగు ఆవిడనే పిలిచి చూపించాడు: అయిదు నీటికుక్కలు, తలలు మాత్రం పైకి పెట్టి, ఒకదాని వెంట ఒకటి ఒడ్డువైపు ఈదుతున్నాయి. ఒడ్డెక్కి, దులుపుకుని, చేపను పంచుకోవడంలో తగువు పడ్డాయి. ఆవిడ నవ్వింది. ఇంకొంచెం ముందుకు పోయాక చుక్కల జింకల మంద నీళ్ళు తాగుతోంది. పులి మాత్రం కనబడలేదు. కనబడని పులి కోసం డబ్బులు వాపసు ఇవ్వాలని కుర్రాళ్ళు సరంగును ఆటపట్టించారు.

మధ్యాహ్నం దాటాక మలుపు తిరగ్గానే డ్యాం. నూటనలభై అయిదు మీటర్ల గోడ. పన్నెండు గేట్లూ మూసి ఉన్నాయి. లాంచీలో అందరి తలలూ పైకి లేచాయి.

“దీని ఎనకాలే కదా మా ఊరు” అంది ఆవిడ. “అయితే ఇప్పుడు మనం మా ఊరికంటే కిందున్నాం.”

మాస్టారు మనసులోనే లెక్క చూసుకున్నారు. సాగర్ నిండితే 590 అడుగులు. శ్రీశైలం నిండితే 885. ఆవిడ చెప్పింది నిజమే.

రేవులో దిగాక ఆవిడ చివరి మెట్టు మీద చెప్పులు విప్పి, పాదాలు నీళ్ళలో పెట్టుకుని కూర్చుంది. “ఎండాకాలం నీళ్ళు తగ్గితే సంగమేశ్వరం గుడి మాదిరి మా ఊరి మొండిగోడలు కూడా బయటపడతాయంట. తమ్ముడు చెప్పినాడు. నేను ఒక్కసారీ పోలేదు.”

“పోదాం పా మే, ఈసారి.”

జనవరి వచ్చినప్పటి నుంచి ఆ ఇంట్లో పొద్దున్నే పేపరు రాగానే మాస్టారు ముందు తిప్పేది జలాశయాల నీటిమట్టాలు వేసే మూల. వంటింట్లోంచి ఆవిడ అడుగుతుంది: “ఎంతుండాది?”

“ఇంకా తగ్గాల.”