బ్యాటింగా? బౌలింగా?

బేస్‌బాల్‌లో ‘టూ వే ప్లేయర్’ అని ఒక మాట ఉంది. బంతి విసిరే పని, బ్యాటు పట్టే పని రెండూ చేసేవాడని అర్థం. మనకిది పెద్ద వింత కాదు. కపిల్ దేవ్ పుట్టిన దేశం కాబట్టి ‘ఆల్‌రౌండర్’ అన్న మాట మన గల్లీ టీముల్లో కూడా వినిపిస్తుంది. కానీ అమెరికాలో లెక్క వేరు. స్కూల్లో ఉన్నంతకాలం రెండూ చేసే పిల్లలు చాలామందే ఉంటారు. ప్రొఫెషనల్ ఆటకి వచ్చేసరికి మాత్రం దాదాపు అందరినీ ఏదో ఒకటే ఎంచుకోమంటారు. అందుకే అక్కడ ఊరూరూ తిరిగి పిల్లల ఆట చూసి రిపోర్ట్ రాసే స్కౌట్‌కి, రెండూ చేసే హైస్కూల్ కుర్రాడు కనిపిస్తే పెద్ద చిక్కు. వీడు పిచ్చరా, బ్యాటరా? ఏదో ఒకటి తేల్చి రాయాలి.

ఈ సంవత్సరం సరిగ్గా అలాంటి ప్రశ్నే నా నెత్తిన పడింది. వేసింది మా బాబాయ్.

చిన్నమ్మ వాళ్ళు చైతన్యపురిలో ఉంటారు. వాళ్ళబ్బాయిని ఇంట్లో అందరం చిన్నోడు అంటాం. పద్నాలుగేళ్ళు, తొమ్మిదో తరగతి. వన్ డౌన్‌లో బ్యాటింగ్, కుడిచేత్తో మీడియం పేస్. వాడి కోచింగ్ సార్ ఒకరోజు ఫోన్ చేసి, “టెన్త్ లోపల ఒకటి పట్టుకోవాలె. బ్యాటింగ్ పట్టుకుని బౌలింగ్ వదిలెయ్యమనండి” అన్నారట. అదే వారం దిల్‌సుఖ్‌నగర్‌లో ఐఐటీ ఫౌండేషన్ బ్యాచ్ గురించి కూడా ఇంట్లో మాట వచ్చింది. క్లాసు పొద్దున్నే ఉంటుంది. బౌలింగ్ మానేస్తే ప్రాక్టీసు గంట తగ్గుతుంది, ఆ గంటలో క్లాసు పడుతుంది. చూడటానికి ఎంత చక్కగా సరిపోయిందో! చిన్నోడు మాత్రం రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

బాబాయ్ పండ్ల మార్కెట్‌లో కమీషన్ షాపులో గుమాస్తా. మార్కెట్ కొత్తపేటలో ఉన్నప్పుడు ఇంటి నుంచి నడిచి వెళ్ళేవాడు. అది బాటసింగారం తరలిపోయాక రాత్రి రెండున్నరకే లేచి వెళ్తున్నాడు. కొడుకు మ్యాచ్ ఇంతవరకు ఒక్కటీ చూడలేదు. అందుకే నన్ను పిలిచి, “నువ్వు కంప్యూటర్ చదువుతున్నవ్ కదా. కొన్ని ఆదివారాలు పోయి చూసి, లెక్క తీసి చెప్పు. ఉత్త పొగడ్తలు మాత్రం వద్దు” అన్నాడు.

అలా నేను స్కౌట్‌ని అయిపోయాను. జీతం లేదు, టిఫిన్ మాత్రం చిన్నమ్మ పెట్టేది.

సరూర్‌నగర్‌లో విక్టోరియా మెమోరియల్ హోం గ్రౌండ్ తెలియని వాళ్ళు మా వైపు ఉండరు. మెట్రో స్టేషన్‌కి ఆ పేరే పెట్టారు. ఆదివారం పొద్దున అక్కడ నిలబడితే ఎవరి బంతి ఎవరి మ్యాచ్‌దో తెలియదు. ఒక టీము ఫైన్ లెగ్, ఇంకో టీము మిడాన్ పక్కపక్కనే నిలబడి కబుర్లు చెప్పుకుంటారు. వాకింగ్‌కి వచ్చిన అంకుల్స్ తలలు కాపాడుకుంటూ నడుస్తారు. మా రిపోర్టులో ఎక్కువ భాగం అక్కడే తయారైంది.

మొదట అందరూ చేసే పనే నేనూ చేశాను, స్కోర్లు రాశాను. ఏడు ఆదివారాలు, ఏడు ముప్పై ఓవర్ల మ్యాచ్‌లు. చిన్నోడు 188 పరుగులు చేశాడు, 41 ఓవర్లు వేసి 13 వికెట్లు తీశాడు. షీట్‌లో ఎక్కిస్తే బాగానే కనబడుతుంది. కానీ ఆ 188లో 71 ఒక్క మ్యాచ్‌లోవే. పదమూడు వికెట్లలో ఐదు, బ్యాటు అడ్డంగా తప్ప ఊపడం రాని ఒక టీము మీద వచ్చాయి. ఆ రెండు రోజులు తీసేస్తే మిగిలేది మామూలు కుర్రాడు. తీయకపోతే స్టారు. ఏడు మ్యాచ్‌ల డేటాతో ఇంతకంటే ఏమీ చెప్పలేమని మా స్టాటిస్టిక్స్ మేడమ్‌ని అడగక్కర్లేదు, నాకే తెలుసు.

బేస్‌బాల్ స్కౌట్లు దీనికి ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఒక్కో నైపుణ్యానికి 20 నుంచి 80 దాకా మార్కులు వేస్తారు, పైస్థాయి లీగ్ సగటు ఆటగాడికి 50. అయితే ప్రతిదానికీ రెండు అంకెలు రాస్తారు. ఒకటి ఇవాళ ఎంత, రెండోది పెద్దయ్యాక ఎంత కావచ్చు. స్కూల్ స్కోర్‌బుక్‌లో మొదటిది కొంత కనిపిస్తుంది. రెండో అంకె కోసం మాత్రం పరుగులు కాదు, ఆ పరుగులు ఎలా వచ్చాయో చూడాలి. దాంతో నా షీట్‌లో కొత్త కాలమ్‌లు చేర్చాను. షార్ట్ బాల్‌కి వెనక్కి వెళ్తున్నాడా, పక్కకి జరుగుతున్నాడా? ఫోర్ కొట్టిన తర్వాతి బంతికి ఏం చేస్తున్నాడు? క్యాచ్ వదిలేసిన ఫ్రెండ్‌ని చూసి అరుస్తున్నాడా, మళ్ళీ రనప్‌కి నడుస్తున్నాడా?

స్పీడ్ గన్ లేదు కాబట్టి ఫోన్ వాడాను. స్లో మోషన్‌లో సెకనుకి 240 ఫ్రేమ్‌లు తీస్తుంది. రెండు బ్యాటింగ్ క్రీజుల మధ్య దూరం 17.68 మీటర్లు. చేతి నుంచి బంతి వదిలిన ఫ్రేమ్ నుంచి అవతలి క్రీజు దాటిన ఫ్రేమ్ వరకు లెక్కపెడితే సగటు వేగం వస్తుంది. టీవీలో చూపించేది చెయ్యి వదిలినప్పటి వేగం, ఇది అంతకంటే తక్కువే వస్తుంది, రెండూ పోల్చకూడదు. నాకు కావలసింది వాడి వేగాన్ని వాడి వేగంతోనే పోల్చడం.

శనివారం నెట్స్‌లో తీసిన వీడియోలో మొదటి ఓవర్‌లో 160 ఫ్రేమ్‌లు వచ్చాయి. అంటే గంటకి దాదాపు 95 కిలోమీటర్లు. తొమ్మిదో ఓవర్‌కి 172 ఫ్రేమ్‌లు. అంటే 89కి పడిపోయాడు. అప్పటికి వాడింకా ఆపలేదు. ఎందుకంటే నెట్స్‌లో పెద్ద పిల్లలకి బౌలింగ్ వెయ్యడానికి వీడినే పెట్టేవారు. ఒక వారం మొత్తం లెక్కపెట్టాను, రెండొందల పైచిలుకు బంతులు. మర్నాడు పొద్దున మ్యాచ్.

అప్పుడు ఏడు మ్యాచ్‌లనీ రెండు గుంపులు చేసి చూశాను. మొదట బ్యాటింగ్ చేసిన నాలుగు మ్యాచ్‌ల్లో 139 పరుగులు. మొదట బౌలింగ్ చేసి తర్వాత బ్యాటు పట్టిన మూడింట్లో కలిపి 49. మళ్ళీ చెప్తున్నా, చిన్న డేటా, ఆ 71 కూడా మొదటి గుంపులోనే ఉంది. కానీ వీడియోలో కాళ్ళు చూడండి. బౌలింగ్ వేసొచ్చిన రోజు ముందుకాలు బంతి దగ్గరికి వెళ్ళదు. అంటే ‘బ్యాటింగా, బౌలింగా’ అని మేమంతా రెండు విడి విడి సబ్జెక్టులకి మార్కులు వేస్తున్నట్టు అడుగుతున్నాం. అక్కడ ఉన్నది ఒకే ఒళ్ళు. ఒకదాని అలసట రెండోదాని మార్కుల్లో పడుతోంది.

ఇది పెద్ద దేశాల వాళ్ళు ముందే కనిపెట్టారు. ఇంగ్లండ్ క్రికెట్ బోర్డు పద్నాలుగు, పదిహేనేళ్ళ లోపు ఫాస్ట్ బౌలర్లకి ఒక స్పెల్‌లో ఆరు ఓవర్లు, రోజుకి పన్నెండు అని హద్దు పెట్టింది. పెరిగే వయసులో వెన్నెముక ఎముకకి సన్నటి పగుళ్ళు వస్తాయని భయం. అమెరికాలో ‘పిచ్ స్మార్ట్’ అనే మార్గదర్శకాలున్నాయి. పద్నాలుగేళ్ళవాడు రోజుకి 95 బంతులు దాటకూడదు, 66 విసిరితే నాలుగు రోజులు విశ్రాంతి. పిచ్చింగ్ చేసినవాడికి అదే మ్యాచ్‌లో క్యాచర్ పని ఇవ్వొద్దని కూడా సలహా ఉంది, ఆ పనిలోనూ రోజంతా బంతి విసరాలి కాబట్టి. గమనించారా, వాళ్ళెక్కడా ‘ఒకటి మానెయ్’ అనలేదు. ‘ఇంతకి మించొద్దు’ అన్నారు.

ఇక రెండూ మానని కుర్రాడి కథ మీకు తెలిసే ఉంటుంది, షోహేయ్ ఓతానీ. జపాన్‌లో హనమాకి హిగాషి అనే హైస్కూల్లో చదువుతూ 2012లో గంటకి 160 కిలోమీటర్ల వేగంతో బంతి విసిరాడు. నేరుగా అమెరికా వెళ్తానని చెప్పేశాడు. అయినా నిప్పన్ హామ్ ఫైటర్స్ అనే జపాన్ జట్టు డ్రాఫ్ట్‌లో వాడినే ఎంచుకుని, ఇంటికి వెళ్ళి ఒప్పించింది. వాళ్ళు ఇచ్చిన హామీల్లో పెద్దది, పిచ్చింగ్, బ్యాటింగ్ రెండూ చేయనిస్తామన్నది. 2016లో అదే జట్టుకి పదిసార్లు విజేత పిచ్చర్‌గా నిలిచి, 22 హోమ్ రన్‌లు కొట్టి లీగ్‌లో ఉత్తమ ఆటగాడయ్యాడు. 2025 అక్టోబర్‌లో ఒకే మ్యాచ్‌లో పదిమందిని స్ట్రైకౌట్ చేసి, మూడు హోమ్ రన్‌లు కొట్టాడు.

అంత దూరం పోవడమెందుకు, మన వాళ్ళే ఉన్నారు. విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి 2017-18 అండర్-16 విజయ్ మర్చంట్ ట్రోఫీలో 1237 పరుగులు చేశాడు. నాగాలాండ్ మీద ఒక్క ఇన్నింగ్స్‌లో 441. అన్ని పరుగులు చేసే పిల్లాడికి ఎవరైనా “నీకు బౌలింగ్ ఎందుకురా” అనడం చాలా తేలిక. కానీ అదే సీజన్‌లో 26 వికెట్లు కూడా తీశాడు. 2024 డిసెంబర్‌లో మెల్‌బోర్న్ టెస్టులో ఎనిమిదో నంబర్‌లో వచ్చి 114 కొట్టినప్పుడు, వాడు జట్టులో ఉన్నది బ్యాటుతో పాటు బంతి కూడా తెలుసు కాబట్టే. భద్రాచలం అమ్మాయి గొంగడి త్రిష 2025 అండర్-19 ప్రపంచకప్ ఫైనల్లో లెగ్ స్పిన్‌తో 15 పరుగులిచ్చి 3 వికెట్లు తీసి, తర్వాత 44 నాటౌట్. టోర్నీ మొత్తంలో 309 పరుగులు, 7 వికెట్లు. తనని హైదరాబాద్ తీసుకొచ్చి ఆడించడానికి వాళ్ళ నాన్న ఊరే వదిలి వచ్చారు.

కానీ ఈ పేర్లు చూపించి బాబాయ్‌ని ఒప్పించడం నాకిష్టం లేదు. గెలిచిన ముగ్గురిని మాత్రమే లెక్కలోకి తీసుకుంటే ఏదైనా నిరూపించొచ్చు. రెండూ చేసి ఎక్కడా కాకుండా పోయిన వాళ్ళ పేర్లు ఎవరూ రాయరు. ఓతానీ మోచేతికే రెండుసార్లు, 2018లో, 2023లో ఆపరేషన్ అయింది.

చివరి ఆదివారం చిన్నోడిని అడిగాను, నీకేం కావాల్రా అని. ఇంతవరకు వాడిని ఎవరూ అడగలేదట. కాసేపు షూ లేసులు చూసుకుని, “బౌలింగ్ చేస్తేనే బ్యాటింగ్ తెలుస్తదన్నా. బ్యాట్స్‌మన్ ఎప్పుడు భయపడతడో నాకు అక్కడి నుంచి కనబడ్తది” అన్నాడు. నా షీట్‌లో దీనికి కాలమ్ లేదు. చేర్చాను.

రిపోర్ట్ ఆరు పేజీలు వచ్చింది, ఇంగ్లిష్‌లో. సీలింగ్, అప్‌సైడ్, వర్క్‌లోడ్ అని మంచి మంచి మాటలు పడ్డాయి. బాబాయ్ మొదటి పేజీ తిప్పి చూసి, “ఇది తెలుగులో చెప్పు” అన్నాడు. చెప్పడం మొదలుపెట్టాక తెలిసింది, ఆరు పేజీల్లో ఉన్నది నాలుగు మాటలేనని. వీడికి రెండూ వస్తున్నాయి. ఏది గొప్పగా వస్తుందో ఇప్పుడు తెలియదు. వారానికి వేసే బంతులు మరీ ఎక్కువ. అవి తగ్గించి ఏడాది చూస్తే, అప్పుడు ఏదైనా తెలుస్తుంది.

బాబాయ్ కాసేపు ఏం మాట్లాడలేదు. ఆయన పని చేసేచోట మామిడితోటలు గుత్తకి పట్టేవాళ్ళు చాలామంది వస్తారు. చెట్టు మీద పూత ఉన్నప్పుడే చూసి, ఎన్ని టన్నుల కాయ దిగుతుందో అంచనా కట్టి డబ్బులిచ్చేస్తారు. అంటే నేను ఏడు వారాలుగా చేసింది ఆయన ముప్పై ఏళ్ళుగా చూస్తున్న పనే.

“అంటుమొక్క పెడితే మొదట్ల మూడు నాలుగేండ్లు పూత తుంచేస్తరు. చెట్టు బలపడాలె కదా. అంతే గానీ కొమ్మ నరకరు” అన్నాడు. తర్వాత నన్ను చూసి, “మీ సార్ నరకమంటుండు, నువ్వు తుంచమంటున్నవ్. అదే కదా?” అన్నాడు.

అదే. ఆరు పేజీలు అంతే.

ఫౌండేషన్ మాత్రం మానిపించలేదు. ఆ విషయంలో చిన్నమ్మ మాటే మాట. ఎల్‌బీ నగర్‌లో సాయంత్రం బ్యాచ్ దొరికింది, మెట్రోలో రెండు స్టేషన్లు. ఫీజు కొంచెం ఎక్కువ. ఆ ఎక్కువ ఎక్కడి నుంచి తెస్తున్నాడో బాబాయ్ చెప్పలేదు, నేను అడగలేదు. కోచింగ్ సార్‌తో ఆయనే వెళ్ళి మాట్లాడాడు. సార్ ముఖం కొంచెం ముడుచుకున్నారు గానీ, ఒక ఏడాది చూద్దామన్నారు. వచ్చే వేసవికి మళ్ళీ అందరం కూర్చుంటాం. అప్పుడు బౌలింగ్ వదలాల్సి వస్తే వదులుతాడు. వాడికీ ఆ మాట చెప్పాం.

వారానికి ఓవర్లు లెక్కపెట్టే పని నాకే అప్పజెప్పారు. నెట్స్‌లోవి కూడా కలిపి ఇరవై దాటకూడదని ఒప్పందం. ఇవాళ గురువారం. ఇప్పటికి పదకొండు.