వినిపించని గిటారు

సూరత్ రింగ్ రోడ్డు బట్టల బజార్లకు ఆనుకుని ఉన్న సలాబత్‌పురాలో రాత్రి బాగా పొద్దుపోతే గాని మూటల టెంపోల రాకపోకలు తగ్గవు. ఆ సందడి సద్దుమణిగాక ఒక తెలుగు ఇంట్లో మంచం గోడకు జరుగుతుంది. చీరల దుకాణంలో లెక్కలు రాసే ఇరవై నాలుగేళ్ల అమ్మాయి ఫోనును కిటికీ గట్టు మీద నిలబెట్టి అడుగులు సాధన చేస్తుంది. సిరిసిల్ల నుంచి వలస వచ్చి ముప్పై ఏళ్లు సాంచెలు నడిపిన తండ్రి మూలన కుర్చీలో కూర్చుని చూస్తుంటాడు.

ఆమె నేర్చుకుంటున్నది లిండీ హాప్. 1920ల చివరలో న్యూయార్కులోని హార్లెంలో నల్లజాతి యువతీయువకులు పుట్టించిన జంట నృత్యం అది. సూరత్‌లో పుట్టి పెరిగిన పిల్లకు గర్బా కొత్త కాదు. నవరాత్రులలో రెండు చప్పట్ల ఆట, మూడు చప్పట్ల ఆట చిన్ననాడే వచ్చాయి. బతుకమ్మ చుట్టూ తిరగడం తల్లి నేర్పింది. అయినా ఫోనులో చూసిన ఈ ఆట మాత్రం కాళ్లకు పట్టుబడలేదు. హుషారైన సినిమా పాటలన్నీ పెట్టి చూసింది. లెక్క సరిపోయేది, నడక సరిపోయేది కాదు.

కారణం తెలియడానికి రెండు నెలలు పట్టింది. ఆమె ఎంచుకున్న పాటలలో దెబ్బ సమంగా రెండు ముక్కలవుతుంది. స్వింగ్‌లో అలా కాదు. మన వాళ్లకు తెలిసిన మాటలో చెప్పాలంటే అది తిశ్రనడకకు దగ్గర. ఒక్కో దెబ్బను మూడు భాగాలు చేసి, మొదటి రెండూ కలిపి సాగదీసి, మూడోదానిని చటుక్కున విడిచిపెడతారు. ఆ సాగదీతలోనే మోకాలు వంగాలి, ఆ విడుపులోనే అడుగు లేవాలి. రెండు దెబ్బలలో మూడు అడుగులు వేసే చోట ఆమె తడబడినదంతా ఇందువల్లనే. లోపం కాళ్లలో లేదు, పాటలో ఉంది.

అప్పుడు మొదలైంది అసలు వాద్యకారుల అన్వేషణ. మొదట చిక్ వెబ్ దొరికాడు. చిన్ననాటి వెన్నెముక క్షయతో గూనివాడై, పొట్టిగా మిగిలి, డ్రమ్ముల వెనుక దాదాపు కనబడని ఆ మనిషి సవాయ్ బాల్‌రూమ్‌ను ఏలాడు. 1937 మే నెలలో బెన్నీ గుడ్‌మన్ బృందం పోటీకి వస్తే ఆ రాత్రి గెలుపు వెబ్‌దేనని చరిత్రకారులు రాశారు. మరి రెండేళ్లకే ఆయన కన్నుమూశాడు. తరువాత డ్యూక్ ఎల్లింగ్టన్, ఎల్లా ఫిట్జ్‌జెరాల్డ్, చివరకు కౌంట్ బేసీ. బేసీ దగ్గర ఆమె ఆగిపోయింది. ఆ బృందంలో ఫ్రెడ్డీ గ్రీన్ అనే గిటారు వాద్యకారుడు 1937లో చేరి 1987లో మరణించేదాకా ఉన్నాడు. దాదాపు యాభై ఏళ్లలో ఒంటరిగా వాయించి మెప్పు పొందిన సందర్భాలు బహు తక్కువ. ప్రతి దెబ్బకూ ఒక మీటు, అంతే. పదహారు మంది హోరులో ఆ గిటారు వినబడిందా అంటే చెప్పలేరు. అది ఆగిపోతే మాత్రం ఆట నిలవదు.

సవాయ్ కథలో రాజకీయం కూడా ఉంది. 1926లో తెరిచిన ఆ నాట్యశాలలో నల్లవారు, తెల్లవారు ఒకే నేల మీద ఆడారు. అమెరికాలో అది ఏ మాత్రం సహజం కాని కాలం. 1943లో అధికారులు అనైతికత నెపం చూపి దానిని కొన్ని నెలలపాటు మూయించారు. జాతుల కలయికే కంటగింపైందని హార్లెం వాసులు అప్పుడే అన్నారు. 1958లో అది శాశ్వతంగా మూతపడింది. అక్కడ ఆడి ప్రపంచాన్ని అబ్బురపరచిన ఫ్రాంకీ మానింగ్ తపాలా శాఖలో ముప్పై ఏళ్లు ఉద్యోగం చేసుకున్నాడు. 1980లలో కొత్త తరం వెతుక్కుంటూ వచ్చి నేర్పమని అడిగేదాకా ఆయన నర్తకుడన్న సంగతి లోకం మరిచింది.

ఇవన్నీ తండ్రికి చెప్పాలని ఆమె ఉబలాటం. చెప్పడమే కష్టం. సాంచెల మోతలో ముప్పై ఏళ్లు గడిపిన చెవులవి. గట్టిగా అరిస్తే మాట అందుతుంది, సన్నని స్వరాలు అసలే అందవు. ట్రంపెట్ ఆయనకు లేనట్టే. అయినా ఒకరాత్రి ఆమె అడుగులు చూస్తూ ఉన్నట్టుండి అన్నాడు: "గిది మన భగవాన్ దాదా ఆట గద బిడ్డా!"

ఆ మాట నిజానికి చాలా దగ్గర. 1935లో లియాన్ ఆబీ నల్లజాతి వాద్యబృందంతో బొంబాయి తాజ్ హోటలుకు వచ్చాడు. పియానో విద్వాంసుడు టెడ్డీ వెదర్‌ఫర్డ్ బొంబాయిలో, కలకత్తాలో వాయించి, 1945లో కలరాతో కలకత్తాలోనే కన్నుమూశాడు. వారి వాద్యం విని ఎదిగిన గోవా కళాకారులలో ఆంటోనియో జేవియర్ వాజ్ ఒకడు. చిక్ చాక్లెట్ అన్న పేరుతో ఆయన భారతదేశపు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ అనిపించుకున్నాడు. 1951లో వచ్చిన 'అల్బేలా'లో ఆయన బృందం తెర మీద కూడా కనిపిస్తుంది. సంగీతం సి. రామచంద్ర, తరువాత 1979లో ఎన్టీ రామారావు 'అక్బర్ సలీం అనార్కలి'కి స్వరాలు కూర్చినవాడు. ఆ సినిమాలో ఆడిన భగవాన్ దాదా బట్టల మిల్లు కార్మికుడి కొడుకు. బంగళా, కార్ల వరుస సంపాదించి, అన్నీ పోగొట్టుకుని, 2002లో దాదర్ చాల్‌లోనే పోయాడు.

అంటే హార్లెం నడక హోటళ్లు దాటి, గోవా వేళ్లు దాటి, మిల్లు కార్మికుడి కొడుకు కాళ్లలోకి వచ్చి, అక్కడి నుంచి వీడియో పార్లరులో సినిమా చూసిన సిరిసిల్ల వలసకూలీ ఒంట్లోకి చేరింది. ఏది మన సంస్కృతి, ఏది పరాయిది అని వేదికల మీద తేల్చేవారు ఈ దారిని ఎక్కడ తెగ్గోస్తారు?

తెగ్గోసే ప్రయత్నాలు జరగకపోలేదు. అప్పట్లో సూరత్ బొంబాయి రాష్ట్రంలోనే ఉండేది. ఆ రాష్ట్రం 1949లో తెచ్చిన మద్యనిషేధ చట్టం హోటళ్ల నాట్యశాలలను కుదిపింది. అక్కడి వాద్యకారులు బతుకు తెరువుకు సినిమా స్టూడియోలనే మరింతగా ఆశ్రయించారు. 1952లో సమాచార ప్రసార శాఖ మంత్రి బి.వి. కేస్కర్ ఆకాశవాణి నుంచి సినిమా పాటలను తరిమేశారు. జనం రేడియో సిలోన్ వైపు తిరిగారు. అయిదేళ్లకు ప్రభుత్వమే వివిధ భారతి పెట్టి దిగిరావలసి వచ్చింది. చిత్రమేమిటంటే, ఒక నిషేధం ఆ కళాకారులను సినిమాలోకి నెట్టింది, రెండో నిషేధం సినిమా పాటను సముద్రం దాటించి మరింత దూరం వినిపించింది.

నిషేధాలకన్నా పెద్ద అన్యాయం ఒకటుంది. స్వరకర్త పేరు రికార్డు మీద ఉండేది. దానికి వాద్యాలు అమర్చినవారి పేర్లు, ఊదినవారి పేర్లు సాధారణంగా ఉండేవి కావు. ఆంథనీ గొన్సాల్వెజ్ పేరు దేశానికి తెలిసింది కూడా శిష్యుడు ప్యారేలాల్ 1977లో 'అమర్ అక్బర్ ఆంథనీ' పాటలో పెట్టినందువల్లనే. రింగ్ రోడ్డు దుకాణంలో చీర మీద కంపెనీ ముద్ర ఉంటుంది. నేసినవాడి పేరు ఉండదు. లెక్కలు రాసే ఆ అమ్మాయికి ఈ పోలిక ఎవరూ చెప్పనక్కరలేదు.

తండ్రి చెవుల లెక్క మాత్రం ఏ పుస్తకంలోనూ పడలేదు. మోత వల్ల కలిగే చెవుడు 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూలులో వృత్తి వ్యాధిగా ఉండేది. ఆయన పనిచేసిన ఖాతాలో పదిమంది లేరు. పదిమంది లేని చోటికి ఆ చట్టం రాలేదు. పరీక్ష లేదు, పరిహారం లేదు, చెవుల్లో పెట్టుకోవడానికి దూది తప్ప. ఆయన దానిని ఫిర్యాదుగా చెప్పడు. "సాంచె మోత ఆగితేనే భయమైతుండె, కూలి పోతదని" అంటాడు.

బంధువులలో గుసగుసలు మొదలయ్యాయి. పరాయి మగవాడి చేయి పట్టుకుని ఆడే ఆట ఆడపిల్లకు దేనికని ఒక పెద్దావిడ నిలదీసింది. తండ్రికి ఆ మాటలు వినబడలేదో, వినబడనట్టు ఊరుకున్నాడో తెలియదు.

ఆ రాత్రి ఆమె చిన్న స్పీకరును చెక్కబల్ల మీద బోర్లించి, బేసీ బృందం పాట పెట్టి, ఆయన అరచేతిని బల్లకు ఆనించింది. వాల్టర్ పేజ్ బాస్ వాద్యం చెక్కలో నుంచి ఎక్కింది. కాసేపటికి ఆయన రెండో చేతి వేళ్లు మోకాలి మీద పడసాగాయి. దెబ్బ తప్పలేదు.

"బాపూ, వినవడుతున్నదా?" అని ఆమె చెవి దగ్గర అరిచింది.

"లేదు బిడ్డా. నడుస్తున్నది" అన్నాడు. లేచి నిలబడి, పాదాలు పెద్దగా కదపకుండా, భుజాలతో, మోచేతులతో భగవాన్ దాదా ఆట ఆడాడు. ఆమె ఆయన చేయి అందుకుంది. తల్లి మంచాన్ని మరికొంచెం గోడకు నెట్టింది.