మా బండి ఆయిల్ తాగేసిన సంగతి

మన గ్రూపులో సెకండ్ హ్యాండ్ బండ్లు నడిపేవాళ్ళు చాలామందే ఉన్నారు. అందుకే ఇది రాస్తున్నాం.

మేము ముగ్గురం డబ్బులేసుకుని కొన్న పాత వంద సీసీ బండి మాది. పాడేరులో చదువుకి, సంతకి, ఊళ్ళో ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే ఆసుపత్రికి, అన్నిటికీ అదే. పోయిన వానాకాలం ఒక రాత్రి జ్వరంతో ఉన్న అత్తని తీసుకెళ్తుంటే ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజిన్ టకటకమని కొట్టుకుంది. ఆపి, ఫోన్ లైట్లో ఆయిల్ పుల్ల తీసి చూస్తే తడి కూడా లేదు. ఆయిల్ మార్చి రెండు నెలలు కాలేదు! అదృష్టం కొద్దీ వెనకాల జీపు వచ్చింది, అత్తని ఎక్కించాం. ఆమె కోలుకుంది. మాకు మాత్రం ఆ రాత్రి భయం ఇంకా పోలేదు.

"కింద కారట్లేదంటే లోపల కాలిపోతందిరా" అన్నాడు మెకానిక్ అన్న. సైలెన్సర్ నుంచి నీలం పొగ చూపించాడు. పిస్టన్ రింగులు అరిగిపోతే ఆయిల్ పైకెక్కి పెట్రోలుతో పాటు కాలిపోతుందట. రింగులు మార్చాలంటే డబ్బుల్లేవు.

ఈలోగా మావాడొకడు జీపులో మిగిలిన ఆయిల్ తెచ్చి పోసేశాడు. (పెట్రోల్ డబ్బులు ఎగ్గొట్టేదీ వాడే.) మర్నాడు ఎక్కుడులో ఇంజిన్ అరుస్తోంది గానీ బండి కదలదు. మన బండ్లలో క్లచ్ ప్లేట్లు కూడా ఇంజిన్ ఆయిల్లోనే మునిగి ఉంటాయి. కారు ఆయిల్‌లో జారుడు కోసం కలిపే మందులకి ఆ ప్లేట్లు పట్టు వదిలేస్తాయి. కాబట్టి డబ్బా మీద జాసో ఎంఏ గానీ ఎంఏ2 గానీ ఉందా అని చూసి కొనండి. ఎంబీ అంటే గేర్లు లేని స్కూటర్లకి.

మా బండి పుస్తకంలో రాసింది 10డబ్ల్యూ-30. మెకానిక్ అన్న 20డబ్ల్యూ-40 పోయించాడు. డబ్ల్యూ తర్వాత అంకె పెద్దదైతే ఇంజిన్ కాగినప్పుడు కూడా ఆయిల్ కాస్త చిక్కగా ఉంటుంది, రింగుల సందుల్లోంచి తక్కువ పోతుంది. నిజంగానే తగ్గింది. ముందు నెలకి అరలీటరు పోసేవాళ్ళం, తర్వాత పావులీటరుతో సరిపోయింది. కానీ చలికాలం పొద్దున్నే కిక్ కొడితే కాలు నొప్పి పుట్టేది, మైలేజీ కూడా కొంచెం పడింది. కొత్త బండికైతే ఈ పని చెయ్యకండి. అరిగిన ఇంజిన్‌ని చిక్కటి ఆయిల్ బాగు చెయ్యదు, మాకు కొన్ని నెలలు గడువిచ్చింది, అంతే.

కాఫీ డబ్బులు చేతికొచ్చాక రింగులు, వాల్వ్ సీళ్ళు మార్పించి మళ్ళీ 10డబ్ల్యూ-30కే వచ్చేశాం.

ఇప్పుడు ప్రతి సంత రోజూ పుల్ల చూస్తాం. బండి చదునైన చోట సెంటర్ స్టాండ్ మీద పెట్టి, ఇంజిన్ ఆపిన కాసేపటికి పుల్ల తుడిచి, మర తిప్పకుండా ఊరికే ఆనించి తియ్యాలి. మేము ఇన్నాళ్ళూ బిగించి చూసేవాళ్ళం. అందుకే తక్కువున్నా సరిపడా ఉన్నట్టే కనబడేది.